బదిలీ ఉత్తర్వుకు వెనకవైపు

హాజరైనవారు, కూర్చున్న వరుసలో: మేనేజరుగారు, అకౌంటెంటుగారు, యంత్రం అమ్మిన పెద్దమనిషి, విశ్రాంత సూపరింటెండెంటునైన నేను. నిలబడి ఉన్నవారు: టైపిస్టుగారు. నిద్రిస్తున్నది: పర్యావరణహిత ప్రింటర్.

అచ్చువేయని ప్రింటరే ఉత్తమమైన ప్రింటరని నేను నిస్సంకోచంగా ప్రకటిస్తున్నాను. అడవులను కాపాడటానికి ఇంతకన్నా దగ్గరి దారి ఏముంది? పాత యంత్రం అడగ్గానే అచ్చువేసేది. ఎంత అనాగరికం! కొత్తదాన్ని ముందు నిద్ర లేపాలి. లేచాక, "ఈ కాగితం నిజంగా అవసరమా?" అని తెరమీద నిలదీస్తుంది. అవునని నొక్కినవారు దోషుల్లా తల దించుకుంటారు. అటుపైన ఇంకు పొదుపు చేస్తూ, అక్షరాలు ఉన్నాయో లేవో మన నమ్మకానికే వదిలేస్తుంది.

దాని సుగుణాల్లో మకుటాయమానమైనది మరొకటుంది. కాగితం వెనకవైపును ఖాళీగా పోనివ్వదు. వరుసలో తర్వాత ఎవరి పని ఉంటే దాన్ని అక్కడ వేసేస్తుంది.

ఆనాడు ముందువైపు టైపిస్టుగారి బదిలీ ఉత్తర్వు వచ్చింది. భర్త ఒక ఊళ్ళో, తానొక ఊళ్ళో ఉంటూ ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాగితం అది. మర్నాడు ఉదయం భర్త ఊళ్ళోని కార్యాలయంలో చూపించకపోతే ఆ ఖాళీ వేరొకరిది. వెనకవైపు వచ్చింది: "మరుగుదొడ్డిలో నీళ్ళు పొదుపుగా వాడవలెను." పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమంటే ఇదే! వెంటనే, నెల కోటా పూర్తయిందంటూ యంత్రం తాళం వేసుకుంది.

పొదుపైన కార్యాలయాలకిచ్చే పచ్చదనం బహుమతి కావాలంటే, మర్నాడు వచ్చే తనిఖీ బృందానికి ఆ సూచన తలుపు మీద కనబడి తీరాలి. మేనేజరుగారు దీర్ఘంగా ఆలోచించి కాగితాన్ని తలుపుకే అంటించమన్నారు. తనిఖీ అయ్యాక సంతకం చేసి ఇస్తారట.

"మరి రేపు పొద్దున నేనేం చూపించాలి సార్? తలుపు ఊడదీసుకెళ్ళనా?" అన్నారు టైపిస్టుగారు.

"భూగోళం గురించి కూడా కాస్త ఆలోచించాలమ్మా."

"భూగోళాన్ని మీరు చూసుకోండి సార్. మా ఆయన్ని నేను చూసుకుంటాను."

అకౌంటెంటుగారికి దగ్గు వచ్చింది. అమ్మిన పెద్దమనిషి, తర్వాతి మోడల్ మూడోవైపు కూడా అచ్చువేస్తుందని హామీ ఇచ్చాడు.

నా దృష్టి మేనేజరుగారి బల్లమీది బహుమతి నివేదిక మీద పడింది. మందపాటి కాగితం, రంగుల బొమ్మలు, ఒకవైపే అచ్చు, పాతిక ప్రతులు! బయటి దుకాణంలో వేయించారు కనుక ఆ కాగితం కార్యాలయం లెక్కలోకి రాదట. చెట్లకు ఈ నిబంధన ఎవరైనా చదివి వినిపించారో లేదో!

ఈలోగా టైపిస్టుగారు నోటీసు బోర్డు దగ్గరి సుద్దముక్క తీసుకుని, నీళ్ళ సూచనను తలుపు మీదనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి వచ్చారు. ఉత్తర్వును మేనేజరుగారి ముందు పెట్టి, పెన్ను మూత తీసి అందించారు. సంతకం పెట్టకపోవడానికి ఆయనకు మరో సాకు మిగల్లేదు.

బహుమతికి ప్రింటర్ పేరే వెళ్ళింది. అయినప్పటికీ, కాగితంగాని కరెంటుగాని ఖర్చు కాకుండా ఆ కార్యాలయంలో ఆ నెల జరిగిన ఏకైక పనిని చేసిపెట్టినందుకు, టైపిస్టుగారికి ఈ శీర్షిక ముఖంగా నా కృతజ్ఞతను సగౌరవంగా నమోదు చేస్తున్నాను.