వార్డెనమ్మ యెరూషలేం ప్రయాణం

ఆ శనివారం పొద్దున్న స్వర్ణకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు పాస్‌పోర్టు విచారణకు కానిస్టేబుల్ వస్తాడు. ఇరుగుపొరుగు వాళ్ల చేత రెండు సంతకాలు పెట్టించి, టీ ఇచ్చి పంపెయ్యాలి. పదకొండుకల్లా మంచమెక్కి, మధ్యాహ్నం దాకా దిగకూడదు. అనుకున్నవి అనుకున్నట్టు జరిగిపోతే ఇంక చెప్పుకోడానికేముంది!

స్వర్ణకుమారి చోడవరంలో ఆడపిల్లల హాస్టలుకి వార్డెను. ఇరవై రెండేళ్లుగా పొద్దున్న నాలుగున్నరకి లేస్తోంది. నూట పదిమందికి ఉప్మా ఉడికేదాకా గాడిపొయ్యి పక్కన నిలబడి, ఇంటికొచ్చి మొగుడు దయాసాగర్‌కి ఇడ్లీలు పెట్టి, మళ్లీ హాస్టలుకి పరుగెత్తడం ఆమె ఉద్యోగం. నిద్రలో కూడా "గంట కొట్టేరా?" అని కలవరిస్తుంది. దీనికి తోడు ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఎవరేం అడిగినా "కాదు" అనలేదు. చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శి పదవీ, పక్కింటివాళ్ల కుక్కపిల్లని నెల్లాళ్లు మేపడమూ అలా వచ్చి మెడకు చుట్టుకున్నవే.

ఈ పాస్‌పోర్టు ఆలోచన కుబ్రాది. ఇద్దరూ ఇంటర్లో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కుబ్రా ఇప్పుడు అనకాపల్లిలో మొగుడితో కలిసి బట్టల కొట్టు నడుపుతోంది. ముప్పై మూడేళ్లలో ఇద్దరూ కలిసి వెళ్లిన దూరప్రయాణం ఒక్కటీ లేదు. సంక్రాంతి సెలవులయ్యాక కుబ్రా ఫోన్ చేసింది.

"మలేషియా ఎల్దామే. అయిదు రోజులు. నువ్వూ నేనూ, అంతే. మొగుళ్లు లేరు, పిల్లలు లేరు. సముద్రం ఎదురుగా గది."

"సముద్రానికి అంత దూరం ఎందుకే? వైజాగులో లేదేటి?"

"వైజాగు సముద్రం నువ్వెప్పుడు సూసేవే? ఎప్పుడెళ్లినా ఒడ్డున కూకొని అందరి సెప్పులకీ కాపలా కాసేవు."

ఆ మాట స్వర్ణకుమారికి సూటిగా తగిలింది. ఎవరూ లేపని గదిలో, అలల చప్పుడు వింటూ, తొమ్మిదింటి దాకా పడుకోవాలి. లేచాక కుబ్రాతో ఊరికే కబుర్లు చెప్పుకోవాలి. యాభై ఏళ్లొచ్చాక ఆమె దేవుణ్ణి తనకోసం అడిగింది అదొక్కటే.

కానిస్టేబుల్ గణపతిరావు పదింటికే వచ్చాడు. పక్కింటి సంధ్యారాణి ఏమీ అడక్కుండా సంతకం పెట్టేసింది. రెండో సంతకానికి ఎదురింటి అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. సంఘంలో పాస్టరు గారి కంటే ఆవిడ మాటకే విలువెక్కువ.

"పోలీసులొచ్చేరేటి బాబూ? ఏటి సేసింది మా గుంట?"

"ఏటీ లేదమ్మా, ఆవిడ ఫారిన్ ఎల్తన్నారు. మనిషి మంచిదేనా?"

అచ్చియ్యమ్మ ఎరిగిన విదేశం ఒక్కటే. దాని పటం ఆవిడ బైబిలు చివరి పేజీలో ఉంది. సంతకం గీకేసి, కర్ర కూడా మరచిపోయి రోడ్డు దాటి వచ్చి, స్వర్ణకుమారి చేతులు రెండూ పట్టుకుంది.

"నా తల్లే! యెరూషలేం ఎల్తన్నావా!"

"అదికాదు పెద్దమ్మా, నేను..."

"మీ పెదనాన్న సచ్చేదాకా అదే కల కనీవోడే! ఆయన కళ్లతో కూడా నువ్వే సూసి రా!" అంటూ ఆవిడ వలవలా ఏడ్చేసింది.

తెరిచిన నోరు స్వర్ణకుమారి మళ్లీ మూసుకుంది. ఏడుస్తున్న ముసలావిడకి మలేషియా బీచి గురించి ఎలా చెప్పడం? రేపు నెమ్మదిగా చెబుదాంలే అనుకుంది. రేపు ఆదివారమని ఆ కంగారులో తోచలేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టర్ జాబేజ్ గారు మైకు పట్టుకుని, "మన సంఘం నుంచి మొట్టమొదటగా యెరూషలేం వెళ్లబోతున్న సహోదరి" అని ప్రకటించారు. అందరూ లేచి నిలబడి స్తోత్రాలు చెప్పారు. ఆడవాళ్ల వరసలో కూర్చున్న స్వర్ణకుమారి, అవతలి వరసలో ఉన్న మొగుడి వైపు దీనంగా చూసింది. దయాసాగర్‌కి నిజం తెలుసు. కానీ అప్పటికే ఆయన చేతులు పట్టుకుని ఊపేవాళ్లు నలుగురయ్యారు. చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర పాతికేళ్లు చెరకు బళ్లు తూచినా ఆ మనిషికి దక్కని గౌరవమది.

"మీరైనా కాదని సెప్పొచ్చు గదండీ," అంది ఇంటికొచ్చాక.

"ప్రయాణం నీది, నువ్వే సెప్పు. అయినా అందరూ సంతోషపడతన్నారు గదా, నాలుగు రోజులు ఉండనీ," అన్నాడాయన.

నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. యెరూషలేం గుడి పాత గోడ సందుల్లో పెట్టి రమ్మని ప్రార్థన చీటీలు రావడం మొదలైంది. మొదట పర్సులో పట్టేవి, తర్వాత హార్లిక్స్ సీసాలోకి, ఆ తర్వాత బియ్యం డబ్బాలోకి మారాయి. చీడికాడ నుంచి ఒకాయన, తన గేదె చూడి కట్టడం లేదని దాని పేరూ రంగూ రాసిచ్చి వెళ్లాడు. రావికమతం నుంచి ఒకావిడ ఒలీవ కొమ్మ కావాలంది. యొర్దాను నది నీళ్ల కోసం అచ్చియ్యమ్మ ఒక సీసా ఇచ్చిందని తెలిసి ఊరంతా సీసాలు తెచ్చింది. ముప్పై ఒకటి అటక మీద బారులు తీరాయి. ఒక్కో సీసా వచ్చినప్పుడల్లా స్వర్ణకుమారి "రేపు సెప్పేస్తాను" అనుకునేది. మర్నాడు పొద్దున్నే ఇంకో సీసా తలుపు తట్టేది.

ఇవేవీ కుబ్రాకి చెప్పలేదు. చెబితే "ముందెళ్లి కాదని సెప్పి రాయే" అంటుంది. కుబ్రా మాత్రం వారానికోసారి ఉత్సాహంగా ఫోన్ చేసేది. "పాస్‌పోర్టులొచ్చేసేయి, టికెట్లు తీసేసేను. మే పన్నెండు! ఇద్దరికీ ఒకేలాంటి టోపీలు కొన్నాను. ఏటే, ఉలకవూ పలకవూ?"

"అలిసిపోయేనే," అనేది స్వర్ణకుమారి. అది మాత్రం పచ్చి నిజం.

మే పదో తారీఖు ఆదివారం, ఆరాధన అయ్యాక వీడ్కోలు సభ పెట్టారు. చర్చి గేటుకి ఇంతెత్తు ఫ్లెక్సీ కట్టారు. రెండు ఒంటెల మధ్య స్వర్ణకుమారి ఫోటో. అది హాస్టలు గుర్తింపు కార్డులోది కావడంతో, ఉప్మా మాడిందని ఒంటెల్ని కోప్పడుతున్నట్టుంది. కింద "మే 12న పవిత్ర భూమికి బయలుదేరుచున్న మా సహోదరికి వందనములు" అని ఎర్రక్షరాలు. వెనక షామియానాలో బిర్యానీ దిగుతోంది. వేదిక మీద శాలువా కప్పి, దండ వేసి, "సాక్ష్యం చెప్పండమ్మా" అని జాబేజ్ గారు మైకు ఆమె చేతికిచ్చారు.

ఇప్పుడైనా చెప్పేద్దామని గొంతు సవరించుకుంటూ తలెత్తి చూసింది. గేటు దగ్గర కుబ్రా నిలబడి ఉంది.

టికెట్ల కాగితాలు ఇచ్చి పోదామని ఆమె అనకాపల్లి నుంచి బస్సులో వచ్చింది. ఇంటికి తాళం ఉంటే, సంధ్యారాణి చర్చికి దారి చూపించింది. ఫ్లెక్సీ మీది అక్షరాలన్నీ కుబ్రా ఓపిగ్గా చదివింది. తారీఖు దగ్గర ఆగి, మళ్లీ చదివింది. వేదిక మీద దండతో ఉన్న స్నేహితురాలిని ఒకసారి చూసి, చేతిలో ఉన్న రెండు టోపీల సంచీ గేటు ఊచకి తగిలించి, వెనక్కి తిరిగింది.

స్వర్ణకుమారికి గేదెలూ సీసాలూ మొగుడి గౌరవమూ ఏవీ గుర్తుకు రాలేదు.

"కుబ్రా! ఒసే కుబ్రా! ఆగే!"

చేతిలో మైకుందన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు. నాలుగు స్పీకర్లు ఆ కేకని బస్టాండు దాకా మోసుకెళ్లాయి. కుబ్రా ఆగింది గానీ తిరగలేదు.

"నాతో రావడం ఇష్టం లేకపోతే ముందే సెప్పొచ్చు గదే," అంది, ఇటు చూడకుండానే. "మీవాళ్లతో ఎల్తానంటే నేను కాదంటానా? ఊరంతటికీ తెలిసింది, నాకు తప్ప."

"నేను యెరూషలేం ఎల్లడం లేదే!" అని మైకులో అరిచింది స్వర్ణకుమారి. ఇంక ఆపితే జన్మలో చెప్పలేనని ఆమెకి తెలుసు. "క్షమించండి అయ్యగారూ. అందరూ క్షమించండి. నేను ఎల్లేది మలేషియా. కుబ్రాతో. మొదట్నుంచీ అదే. పెద్దమ్మ ఏడిస్తే నోరు రాలేదు. తర్వాత మీరందరూ సీసాలు తెచ్చేసేరు."

జాబేజ్ గారు కుర్చీలో కూలబడ్డారు. దయాసాగర్ బిర్యానీ వైపు వెళ్లిపోయి, అక్కడేదో పనున్నట్టు గరిటె పట్టుకున్నాడు. ముందు వరసలోంచి అచ్చియ్యమ్మ మెల్లగా లేచింది. ఆ మనిషి ఏమంటే సంఘం అదే అంటుంది.

"అక్కడేటి సేత్తావే?"

"ఏటీ సెయ్యను పెద్దమ్మా. పడుకుంటాను."

"వంటో?"

"వండను."

"గిన్నెలు?"

"తోమను."

"పొద్దున్నే ఎవులు లేపుతారు?"

"ఎవరూ లేపరు."

అచ్చియ్యమ్మ కర్ర నేలకి తాటించింది. "మరి వాగ్దాన భూమంటే అదే గదేటే! ఇశ్రాయేలోళ్లు ఎడారిలో నలభై ఏళ్లు తిరిగింది దేనికనుకున్నావు? ఆ సీసా నాకిచ్చీ, కొబ్బరినూనె పోసుకుంతాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడవాళ్ల వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. పాస్టరమ్మ జూడీ కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చి, "అక్కా, పాస్‌పోర్టుకి ఎన్ని రోజులు పడతాదేటి?" అని మెల్లగా అడిగింది. ఆవిడ వెనక ఇంకో పదకొండుమంది నిలబడ్డారు. వాళ్లలో ఇద్దరు అప్పుడే ఆధార్ కార్డులు బయటికి తీశారు.

జాబేజ్ గారికి ప్రాణం లేచొచ్చింది. మైకు తీసుకుని, "స్తోత్రం! ఇది మన స్త్రీల సమాజం మలేషియా కూడిక!" అని ప్రకటించారు. "పదమూడు మంది సహోదరీలు వెళ్తారు. స్వర్ణమ్మగారే నాయకురాలు. రోజూ తెల్లవారుజామున అయిదింటికి ప్రార్థన, తర్వాత అమ్మగారి చేతి ఉప్మా! అందరి పాస్‌పోర్టులూ వచ్చేదాకా అమ్మగారు ప్రయాణం ఆపుకుంటారు. అంతే కదమ్మా?"

చప్పట్లు మోగాయి. పన్నెండు జతల కళ్లు ఆశగా స్వర్ణకుమారినే చూస్తున్నాయి. గేటు దగ్గర కుబ్రా ఈసారి పూర్తిగా ఇటు తిరిగింది. స్వర్ణకుమారి అనబోయేది ఏమిటో ముప్పై మూడేళ్లుగా తెలిసిన మనిషిలా, టికెట్ల కాగితాలు మడిచి లోపల పెట్టుకోబోతోంది.

"కాదు," అంది స్వర్ణకుమారి.

"ఏంటమ్మా?"

"కాదు అయ్యగారూ. ఆగను. ఎల్లుండి మేమిద్దరమే ఎల్తన్నాం. మీరందరూ తర్వాత సుబ్బరంగా ఎల్లండి, ఎలా ఎల్లాలో నేను సెప్తాను. ఉప్మా మాత్రం ఎవరికీ వండను."

దండ తీసి బల్ల మీద పెట్టింది. వేదిక దిగి, శాలువా మడిచి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా గేటు దాకా నడిచింది. కుబ్రా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "బిర్యానీ తినవేటే?" అని అడిగింది. "ఒద్దే, మనసు మారిపోతాది. పద బేగి," అంటూ స్వర్ణకుమారి వచ్చే ఆటోకి చెయ్యెత్తింది.

ఎన్నో వీడ్కోలు సభలు ఘనంగా జరిపిన ఆ సంఘం, మనిషి నిజంగా వెళ్లిపోవడం మాత్రం అదే మొదటిసారి చూసింది.