మూడో పరికరం

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఆగస్టులో ఒక శనివారం నాడు నఫీసా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కాలేజీకి వెళ్లి మైక్రోస్కోపు తెచ్చుకోవాలి. పదింటికి హిందూపురం స్టేషనులో ప్రొఫెసరు శంకరమ్మగారిని కలిసి ఇంటికి తీసుకురావాలి. ఆమె కళ్లెదుట పట్టుగూళ్లకు తూట్లు పడి రెక్కల పురుగులు బయటికి రావాలి. అంతే.

డిగ్రీ విద్యార్థులు జీవశాస్త్రంలో చేసే పరిశోధనకు విశ్వవిద్యాలయం ఆ ఏడే కొత్తగా ఒక బహుమతి పెట్టింది. పోటీకి వచ్చిన పరిశోధనలను శంకరమ్మగారే స్వయంగా వచ్చి చూస్తుంది. నఫీసా జువాలజీ మూడో సంవత్సరం. తెల్లవారుజామున కోసిన మల్బరీ ఆకు తిన్న పట్టుపురుగు ఎక్కువ గుడ్లు పెడుతుందా, సాయంత్రం కోసిన ఆకు తిన్నది ఎక్కువ పెడుతుందా అన్నది ఆమె తేల్చవలసిన సంగతి. రెండు తట్టలు, ఒక నోటుపుస్తకం, రెండు నెలల చాకిరీ. సైకిల్ షాపు నడిపే వాళ్ల నాయన హజరత్‌వలి ముందే చెప్పేశాడు. బహుమతి వస్తే ఎమ్మెస్సీ, రాకపోతే కుట్టుమిషను. ఆ మిషను అప్పుడే వచ్చి వసారాలో కూర్చుంది కూడా.

ఇంట్లో నాయన తల్లి, అవ్వ మస్తాన్‌బీ ఉంది. దగ్గరి పల్లె పరిగిలో నలభై ఏళ్లు పట్టుపురుగులు మేపిన చెయ్యి. పురుగు గూడు కట్టిన ఆరో రోజున గూళ్లు విడదీసి మార్కెట్టుకు పంపడం ఆమెకు నమాజంత నియమం. ఆలస్యమైతే లోపలి పురుగు గూడు కొరుక్కుని బయటికి వస్తుంది, పట్టు దారానికి పనికిరాకుండా పోతుంది. తూటుపడిన గూడు కనిపిస్తే ఆ ఇంటి ఆడవాళ్లకు ఒళ్లు వంగదని ఊరంతా అనుకుంటుంది. ఇది తెలిసే నఫీసా అవ్వతో తగువెందుకని, కారణం చెప్పకుండా "ముట్టుకోవద్దవ్వా" అని మాత్రం చెప్పింది.

అవ్వ పది రోజులు ముట్టుకోలేదు. పదకొండో రోజు ఇంటికి పెద్దమనిషి వస్తోందని విని ఇక ఆగలేకపోయింది.

నఫీసా మైక్రోస్కోపు మోసుకుని వచ్చేసరికి తట్టలు రెండూ శుభ్రంగా కడిగి గోడకు ఆనించి ఉన్నాయి.

"అవ్వా! గూళ్లు యాడ?"

"మార్కెట్టుకు పంపిస్తి. దాసప్ప పోతాంటే ఒకే సంచిలో పోసి ఇచ్చినా. అంత చదివిన ఆయమ్మ వచ్చి తూట్లు చూస్తే మన మర్యాద ఏం కావల్ల?"

"ఆయమ్మ వస్తాండేదే తూట్లు చూసేదానికి!"

అవ్వకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. "తూట్లు చూసేదానికి రైలెక్కి వస్తారంటనా?" అంది. అయినా ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు చూసి చెప్పులు వేసుకుంది.

మార్కెట్టులో పక్కింటి దాసప్ప ఖాళీ సంచి మడుస్తున్నాడు. "ధర్మవరం చాంద్ కొన్న్యాడు పాపా. రైలుకు టైమైందని గూడు చెవికాడ ఆడిచ్చి కూడా చూడల్యా. ఎన్నో రోజని అడిగితే ఏడో రోజంటి" అన్నాడు, అది గొప్పగా చెప్పుకోదగ్గ విషయమైనట్టు.

స్టేషనుకు పరుగెత్తేసరికి ధర్మవరం పాసెంజరు కూత వేసింది. నఫీసా ఎక్కింది. అవ్వను ఎవరూ రమ్మనలేదు, ఆమె కూడా ఎక్కింది. చాంద్ మూడో పెట్టెలో బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతను ధర్మవరంలో పట్టుదారం తీస్తాడు.

"అన్నా, ఆ గూళ్లు నావి. నా చదువు వాట్లోనే ఉండాది" అంది నఫీసా.

"కొన్న సరుకు రైల్లో వాపసిస్తే నా మగ్గాలోళ్లకు ఏం చెప్పల్ల? కుదరదు పాపా" అన్నాడు చాంద్.

నఫీసా బతిమాలింది. అతను కిటికీ వైపు తిరిగాడు. ఈ పాటికి ప్రొఫెసరుగారు ఎదురు రైల్లో హిందూపురం వైపు వస్తూ ఉంటుంది. వచ్చి కడిగిన తట్టలు చూసి వెళ్లిపోతుంది. నఫీసాకు కుట్టుమిషను చప్పుడు చెవుల్లోనే వినబడసాగింది.

పెనుకొండ దగ్గర పడుతుండగా చాంద్ చేతిమీద తెల్లగా, తడిగా ఏదో పాకింది. బుట్ట మూత తీశాడు. మూడు గూళ్లకు తూట్లు, మూడు రెక్కల పురుగులు. నాలుగోది తల బయటపెట్టింది.

"ఇది ఏడో రోజా?" అని అతను కేక పెట్టాడు. "తీసుకో తల్లీ, నీకు దండం పెడతా. తక్కినవి కూడా కొరికేస్తాయి. దాసప్ప సంగతి నేను చూసుకుంటా."

పెనుకొండలో రెండు రైళ్లూ ఎదురై నిలిచాయి. అవ్వా మనవరాలూ బుట్టతో పట్టాలు దాటి అవతలి రైలెక్కి, కళ్లజోడు పెట్టుకుని లావుపాటి ఫైలు చదువుకుంటున్న శంకరమ్మగారిని వెతికి పట్టుకున్నారు. నఫీసా ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అబద్ధం ఆడవచ్చని ఆ క్షణంలో తోచింది కానీ నోరు రాలేదు.

"రెండు రకాలూ కలిసిపోయాక పరిశోధన ఎక్కడుందమ్మా?" అంది ప్రొఫెసరు. ఆ మాట మెత్తగానే అంది.

"కలిసినాయని ఎవురన్నారు?" అంది అవ్వ. బుట్టలో చెయ్యిపెట్టి ఒక గూడు తీసి రెండు వేళ్లతో నొక్కింది. "ఇది పొద్దుటాకు." ఇంకొకటి. "ఇది మాపటాకు. గట్టిదనం తెలుస్తాంది కదా."

ప్రొఫెసరు ఫైలు మూసింది. నఫీసా కాలేజీ నుంచి తెచ్చిన త్రాసులో తూచడానికి ఇరవై గూళ్లమీద సిరాతో నంబర్లు వేసి ఉంచింది. ఒకటి నుంచి పది పొద్దుటివి, మిగతావి సాయంత్రానివి. ఆ ఇరవైనీ ఏరించి, ప్రొఫెసరు తన చేతిరుమాలుతో అవ్వకు గంతలు కట్టబోయింది.

"చదువు రానిదానికి కండ్లు కట్టేదేందమ్మా?"

"పద్ధతమ్మా, పద్ధతి."

పెట్టెలో జనమంతా మూగారు. అవ్వ ఒక్కొక్కటీ నొక్కుతూ చెప్పుకుంటూ పోయింది. పంతొమ్మిది సరిపోయాయి. పదకొండో నంబరు మాత్రం పొద్దుటాకంది.

"ఒకటి తప్పు" అంది ప్రొఫెసరు.

"నా చెయ్యి తప్పదు. ఈ పిల్లే తప్పేసింటాది."

నఫీసా పొద్దుటి నుంచి చంకలోనే ఉన్న నోటుపుస్తకం తిప్పింది. ఒక పుట చివర తన రాతే ఉంది: 'పదకొండు పొరపాటున పొద్దుటి తట్టలోంచి తీశాను. మార్చాలి.' ఆమె మార్చలేదు.

రైలు హిందూపురం చేరేలోగా అవ్వ బుట్టంతా రెండు కుప్పలుగా విడదీసింది. నాలుగు రోజుల్లో నఫీసా గుడ్లు లెక్కపెట్టింది. రెండు రకాలకూ తేడా ఏమంత లేదని తేలింది. అవ్వ ఆ సంగతి చివరిదాకా ఒప్పుకోలేదు.

లేని తేడాను లేదనే రాసినందుకు బహుమతి నఫీసాకే వచ్చింది. హజరత్‌వలి సర్టిఫికెట్టును షాపులో అందరికీ చూపించి, కుట్టుమిషను మీద గుడ్డ కప్పి దానిమీద మైక్రోస్కోపు పెట్టుకోమన్నాడు. నఫీసా నివేదికలో వాడిన పరికరాల దగ్గర దాపరికం లేకుండా రాసింది: మైక్రోస్కోపు ఒకటి, త్రాసు ఒకటి, మస్తాన్‌బీ ఒకటి.

వేసవి సెలవుల ముందు, నివేదికలోని ఆ జాబితా చూసి కాలేజీ స్టోరు ఆమెకు ఒక కాగితం పంపింది: మొదటి రెండు వస్తువులు అందినవి, మూడోది వెంటనే వాపసు చేయవలెను.