అద్దం మింగిన కబురు

ఆ ఉదయం శాస్త్రవేత్తగారి పథకం చాలా సులువైనది. వాకింగ్ ముగించి, వేడివేడిగా స్నానం చేసి, పదకొండింటికి ల్యాబులో కమిటీకి తన పూతను చూపించడం. అద్దానికి ఆవిరి పట్టనివ్వని పూత అది. పైన గీత పడితే అరగంటలో దానంతటదే మానిపోతుంది కూడా. కమిటీ సరేనంటే పరిశోధన మరో రెండేళ్లు సాగుతుంది. కాదంటే ల్యాబు గదిని విరిగిన కుర్చీలు పడేయడానికి ఇచ్చేస్తారు. ఆరేళ్ల కష్టం కుర్చీల పాలవుతుందన్న బెంగతో ఆయనకు వారంగా తిండి సయించడం లేదు.

ఆ బెంగలోనే ముందురోజు ఓ చాటుపని చేశారు. ఇంట్లో ప్రయోగాలొద్దని భార్య ఎంత మొత్తుకున్నా వినకుండా, స్నానాలగది అద్దానికి ఆ పూత పూసేశారు.

పదిహేనేళ్లుగా ఆ ఇంటి నోటీసుబోర్డు ఆ అద్దమే. లైబ్రరీ ఉద్యోగానికి పెందలాడే వెళ్లే భార్య, ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో "పాలు తెండి", "గ్యాసు కట్టేయండి" అని రాసి పోతుంది. తర్వాత ఈయన వేడినీళ్లు తిప్పగానే అక్షరాలు మళ్లీ తేలతాయి.

ఆయన వాకింగులో ఉండగా, ఇంట్లో వదిలేసిన ఫోను మోగింది. ప్రదర్శన తొమ్మిదికే అని కమిటీ పెద్దావిడ కబురు. ఆ మాట రాద్దామని భార్య అద్దం ముందు నిలబడితే, ఎంతసేపటికీ ఆవిరి పట్టదే! అవతల బస్సు టైమైపోతోంది. విసుగెత్తి తలలోంచి పిన్ను లాగి, తాటికాయలంత అక్షరాలతో గీకి వెళ్లిపోయింది.

ఆయన తీరిగ్గా వచ్చి చూసేసరికి అద్దం తళతళలాడుతోంది. చుక్క ఆవిరి లేదని మురిసిపోయి, ఆ సంబరంలో రెండుసార్లు గడ్డం గీసుకున్నారు.

పదిన్నరకు ల్యాబుకు వెళ్తే, తాళం వేసిన తలుపు ముందు ముగ్గురు సభ్యులు, వాళ్ల వెనక విరిగిన కుర్చీలు.

"తొమ్మిదికి రమ్మన్నాం కదండీ? మీ ఆవిడకి చెప్పాం," అంది పెద్దావిడ.

ఆయన వెంటనే అందరూ వినేలా భార్యకు ఫోన్ చేశారు. "నాకు చెప్పలేదేం?"

"అద్దం మీద రాశాగా!"

"అక్షరమ్ముక్క లేదక్కడ!"

"లేకపోవడమేంటండీ! ఆ మాయదారి అద్దానికి ఆవిరి పట్టకపోతే, పిన్నుతో గీకి మరీ రాశాను!"

ఆయన ఎగిరి గంతేసి కమిటీ వైపు తిరిగారు. "మానిపోయిందండీ! గీతలన్నీ మానిపోయాయి!"

"ఆలస్యానికి ఇంత గొప్ప సాకు నేనెప్పుడూ వినలేదు," అంది పెద్దావిడ. "పదండి, ఆ అద్దమేదో చూద్దాం."

లైబ్రరీ నుంచి భార్య కూడా పరుగున వచ్చింది. సంగతి తెలిసి మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఇరుకు స్నానాలగదిలో ఐదుగురూ ఇరుక్కుని నిలబడ్డారు, వేడినీళ్లు తిప్పారు. "మీరే ఏదో ఒకటి రాయండమ్మా," అంది పెద్దావిడ.

భార్య పిన్ను తీసి గీకింది: "ఈయన ఇంట్లో ఎవరి మాటా వినరు."

గదంతా ఆవిరి కమ్మింది. సభ్యుల కళ్లజోళ్లు మసకబారాయి, తుడుచుకుని తుడుచుకుని అదే వాక్యం చదివారు. ఆ అక్షరాల కింద తన మొహమే కనబడుతుంటే శాస్త్రవేత్తగారు సిగ్గుతో చచ్చిపోయారు. అరగంటకు ఆఖరి అక్షరమూ మాయమైంది. ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

పెద్దావిడ అక్కడే రెండేళ్ల అనుమతి రాసి సంతకం పెట్టింది. కింద ఇంకో రెండు ముక్కలు చేర్చింది: "పూత పనితీరు రుజువైనది. అద్దం మీద రాసిన విషయమూ రుజువైనదని కమిటీ ఏకగ్రీవ అభిప్రాయం."