చెవిలో చదువు

మా ఆవిడ వెంకటేశ్వరి చదువు మొదలుపెట్టిన శుక్రవారమే నా చదువు ప్రమాదంలో పడింది. అసలు నీకు చదువుందా అని మీరెవరూ అడగరు. ఎందుకంటే మీ అందరికీ నేను పదో తరగతి పాసని చెప్పాను. పెళ్లిచూపుల్లో ఆవిడకూ అదే చెప్పాను.

నిజానికి నేను నాలుగులోనే బడి మానేశాను. 'ప'ను చూస్తే 'వ'లా, 'మ'ను చూస్తే 'య'లా కనిపించేది. అక్షరాలు నా ముందు కుదురుగా నిలబడేవి కావు. అయ్యవారు మాత్రం నన్నే బెంచీ మీద నిలబెట్టేవారు.

రాజంపేట వైపు నుంచి మేము కువైట్ వచ్చి పదకొండేళ్లు. నేను షువైఖ్‌లో ఒక గోడౌన్‌కు డ్రైవర్ని. ఆవిడ ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. కాపురం మహబూలాలో, నలుగురితో పంచుకున్న ఫ్లాటులో ఒక గది. పెళ్లయిన కొత్తలో నన్ను 'మామా' అని పిలిచేది. ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని 'మామా' అనాలి కాబట్టి, ఆ పిలుపు ఆమెకు వెళ్లిపోయింది. నాకు 'ఓ మనిసీ' మిగిలింది.

మా పై అంతస్తులో సత్యశ్రీ అనే నర్సు ఉంటుంది. శుక్రవారం సెలవు దొరికే ఆడవాళ్లకు ఊరికే తెలుగు చదవడం నేర్పిస్తుంది. అక్షరాలు పట్టుబడని వాళ్లకు ఫోన్లో ఒక ఉచిత యాప్ కూడా పెట్టిస్తుంది. కాగితానికి కెమెరా చూపిస్తే అది పైకి చదువుతుంది. మనం మాట్లాడితే అది రాసి పంపుతుంది, వచ్చిన సందేశాన్నీ పైకి చదువుతుంది.

మొదటి క్లాసు ముగించుకొచ్చి ఆవిడ అడిగింది. "నువ్వూ రాకూడదా?"

"పదో తరగతి పాసైనోడు అఆలకు వస్తే జనం ఏమనుకుంటారే?"

"అక్షరాలు ఎగిరేది మొద్దుతనం కాదంట. కొందరి మెదడు అట్టనే పని చేస్తాదంట. టీచరమ్మ చెప్పింది."

ఆ మాట నాకెక్కడో లోపల తగిలింది. అందుకే గట్టిగా నవ్వాను. "ఫోను చదివితే అది ఫోను చదువు. నీ చదువెట్టా అయితాది?"

ఆ సాయంత్రమే పక్క గదిలోని అసిఫ్ దగ్గరికి వెళ్లి అదే యాప్ నా ఫోన్లో పెట్టించుకున్నాను. అతను గ్యారేజీలో బ్రేకులు బాగుచేస్తాడు. మేమంతా 'బ్రేకుల అసిఫ్' అంటాం, అతని నోటికి అవి లేవు కాబట్టి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ఇక నా పథకం. ఫోను చొక్కా జేబులో, కెమెరా కన్ను బయటికి. చెవిలో ఇయర్‌ఫోను. అది కనబడకుండా తలకు మఫ్లరు. మే నెలలో కువైట్లో మఫ్లరు చుట్టుకున్న మనిషిని చూసి వీధిలో పిల్లులు కూడా జాలిపడ్డాయి. "చెవిపోటు" అని చెప్పాను.

కాగితాన్ని గుండెకెదురుగా పట్టుకునేవాణ్ణి. చెవిలో పడిన మాట నేరుగా నోటికి వెళ్లిపోయేది. మధ్యలో బుర్ర దగ్గర ఆగేది కాదు.

మొదట తెలుగు సంఘంవాళ్ల కరపత్రం చదివాను. "సభ్యులందరూ కుటుంబ సమేతంగా విచ్చేసి, కార్యదర్శి గారి ప్రసంగం విని, బ్యాటరీ ఇరవై శాతం మాత్రమే ఉంది."

"ఎవురికి?" అంది ఆవిడ.

"కార్యదర్శికి. పాపం, పెద్దవయసు."

"అయ్యో! చార్జింగ్ పెట్టుకోమని చెప్పు."

నమ్మింది అనుకున్నాను. వారం తిరిగేసరికి బిల్డింగంతా నన్ను 'పేపర్ పెంచలయ్య' అంటోంది. మందు చీటీలు, పెళ్లికార్డులు, అన్నీ నా గుండె ముందుకే వచ్చాయి.

నెల తిరగబోతుండగా ఒక రోజు ఆవిడ అంది. "ఓ మనిసీ, ఈ శుక్రవారం నిన్ను క్లాసులో పాఠం చదివి వినిపించమంటాంది టీచరమ్మ. నీ మాదిరి చదివేటోళ్లు యాడుండారు?"

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. చాప మీద ఎనిమిది మంది ఆడవాళ్లు. ముందు వరుసలో మా బిల్డింగులోనే ఉండే గౌసియా బీ. మా ఆవిడ వెనక గోడ దగ్గర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫోన్లో ఏదో గొణుగుతోంది. నా గొప్పతనం ఎవరికో చెబుతోందనుకున్నాను.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. వెంకటేశ్వరి నుంచి సందేశం."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగలేదు. ఆగితే చదవడం రాదని తెలిసిపోతుంది కదా! ఇంకా గట్టిగా అందుకున్నాను.

"నేను పదో తరగతి కాదు. నాలుగే. అక్షరాలు నాకు నిలబడవు. సిగ్గుతో ఇన్నేండ్లు దాచినా. టీచరమ్మా, నాక్కూడా చాప మీద చోటియ్యి."

'చోటియ్యి' దగ్గరికి వచ్చాక గానీ బుర్ర నోటిని అందుకోలేదు. అప్పటికి అంతా అయిపోయింది. ఖలాస్. మఫ్లరు లోపల చెమట కాలవలు కట్టింది.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గౌసియా బీ పక్కకు జరిగింది. "యల్లా భాయ్, కుచ్చో. నాకూ 'మ', 'య' ఒకటే కనిపిస్తాది."

కూర్చున్నాను. సత్యశ్రీ నా చేతిలో పాఠం కాగితం కళ్లకెదురుగా పెట్టింది. "వినడం తప్పు కాదన్నా. వింటూ ఆ మాట మీద వేలు పెట్టి చూడండి. చెవికి కన్ను తోడు రావాలి." ఇన్ని రోజుల్లో నేను కాగితం వైపు ఒక్కసారైనా చూడలేదని అప్పుడు తట్టింది.

మెట్లు దిగుతూ ఆవిణ్ణి అడిగాను. "ఆ అసిఫ్‌గాడు చెప్పినాడా?"

"యాప్ సంగతి ఆయప్ప చెప్పినాడు. నీ సంగతి పెండ్లయిన కొత్తలోనే తెలుసు. హోటలుకు పోతే కార్డు చూసి, 'పక్కాయన తినేదే నాకూ' అంటావే ఎప్పుడూ! తిరపతిలో ఆ పక్కాయన జరమొచ్చి గంజి తాగుతాండాడు. నువ్వూ గంజే తాగితివి."

"మరి ఇన్నేండ్లూ అడగలేదే?"

"అడిగితే ఒప్పుకుంటావా? అందుకే నీ నోటితోనే చెప్పించినా." నా మఫ్లరు విప్పి చేతిలో పెట్టింది. "నాకు మాత్రం వచ్చిందా ఏంది చదువు? ఇద్దరం కలిసి నేర్చుకుందాం పా."

ఇప్పుడు ఆవిడ నాకంటే నెల రోజులు సీనియరు. నా హోంవర్కు దిద్దేది ఆవిడే.

మొన్న మొదటిసారి చెవిలో ఏమీ లేకుండా, వేలు పెట్టుకుని ఒక వాక్యం సొంతంగా చదివాను. ఫ్రిజ్ తలుపు మీద ఆవిడ తన చేత్తో రాసి అంటించిన చీటీ. ఎనిమిది నిమిషాలు పట్టింది. చదివేశాక, వంటగదిలో ఒక్కణ్ణే ఉన్నాననుకుని కళ్లు చెమర్చనిచ్చాను.

'గిన్నెలు కడుగు' అని ఉంది.

చదవడం రాలేదని తప్పించుకుందామా అని ఒక్క క్షణం ఆలోచించాను. కానీ పైకి చదివేశాను కదా, ఆవిడ గుమ్మంలో నిలబడి వినేసింది.

కడిగాను.