డిలీట్ కాని రాయప్ప గారు

తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా ఆయన పోయాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఇంకా లొంగలేదు, ఒక్కో వాక్యం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోతోంది. అయినా మా తిరువూరు నాయకుడు రాయప్ప గారి ఘనత నాలుగు ముక్కలు రాయకపోతే పాపం.

"నేను జనం గుండెల్లోనే కాదు, ఫోన్లలోనూ ఉంటాను!" అని ప్రకటించి, ఆయన మా మహిళా సంఘానికంతా ఉచితంగా ఫోన్లు పంచారు. వాటిలో ఆయన యాప్ ఉంది. ఫోను తెరిస్తే చాలు, ముందు కోడి కూస్తుంది. తర్వాత ఆయన గొంతు: "ఈ కండువా మారిస్తే నేను రాయప్పనే కాను!" ఎన్ని ఫోన్లలో ఆ యాప్ నిలిస్తే నగర పంచాయతీ ఛైర్మన్ టికెట్టు అంత ఖాయమని పార్టీ పెద్దలు చెప్పారట.

ఆదివారం పూజలో ఫాదర్ గారి ప్రసంగం మధ్యలో ఆడవాళ్ల బెంచీల్లోంచి కోళ్లు కూశాయి. సాయంత్రానికి అందరం యాప్ తీసేశాం.

రాయప్ప గారు సెల్ షాపు నవీన్ కుమార్‌ని పిలిపించి, ఎవరూ తీయలేని యాప్ కావాలన్నారు.

"మామూలుగా పెట్టిన యాప్ అద్దెకున్నోడండి, పొమ్మంటే పోద్ది. ఫోన్ రూట్ చేసి సిస్టమ్ యాప్‌గా పెట్టామనుకోండి, ఇక ఇంటి ఓనరే. రీసెట్ కొట్టినా కదలడు."

"నేనొచ్చి తీయమన్నా?"

"ఫోన్లన్నీ మళ్లీ పోగేసుకు రావాలండి. ఇంకోటి, కొన్ని ఫోన్లు చచ్చిపోవచ్చు."

"ప్రజాసేవలో త్యాగాలు తప్పవోయ్!"

సర్వీసింగు అని చెప్పి ఫోన్లు పట్టుకెళ్లారు. అన్నీ కోళ్లతో తిరిగొచ్చాయి. మా పక్కింటి సామ్రాజ్యం ఫోను మాత్రం వెలగలేదు. దాన్ని "అమర ఫోను"గా ప్రకటించి, దండ వేసి, మా అందరిచేతా మౌనం పాటింపజేశారు. కోళ్లు మాత్రం పాటించలేదు.

"మరి నాకు ఇంకో ఫోనండి?" అంది సామ్రాజ్యం.

"త్యాగానికి ఖరీదు కడతావా అమ్మా!" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఇంత చేసినా పార్టీ టికెట్టు వేరొకరికి ఇచ్చింది. రాయప్ప గారు మధ్యాహ్నం భోజనం దాకా మథనపడి, ఎదుటి పార్టీలో చేరాలని నిశ్చయించుకున్నారు. సభ పెట్టారు. జనం కావాలిగా, మమ్మల్నే ఆటోల్లో తోలుకెళ్లారు.

కొత్త పార్టీ రాష్ట్ర నాయకుడు వచ్చారు. ఊరూరా కండువాలు కప్పే మనిషి, పేర్లు గుర్తుండవు. ఆయన కండువా ఎత్తగానే ఫొటో తీద్దామని మేమంతా ఒక్కసారే ఫోన్లు తెరిచాం.

కోళ్లఫారం నిద్ర లేచినట్టయింది. "ఈ కండువా మారిస్తే నేను రాయప్పనే కాను!"

"ఎవరండీ ఆ రాయప్ప?" అన్నారు నాయకుడు.

"నాకు తెలియదండి."

"గొంతు మీలాగే ఉందే?"

"ఆ మనిషినే ఎరగనండి!"

కోళ్లు మళ్లీ కూశాయి. నాయకుడు చెవి ఒగ్గి విని, మురిసిపోయారు.

"ఏం నిలకడయ్యా! మనకి లేనిదే అది. ఛైర్మన్ టికెట్టు ఆ రాయప్పకే. వెతికి తీసుకురండి!"

చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం.

ఆ రాయప్ప కోసం ఇప్పుడు గంపలగూడెం దాకా గాలిస్తున్నారు. ఆటోకి మైకు కట్టుకుని, అందరికంటే ముందు వెతుకుతున్నది మా రాయప్ప గారే.

జోజమ్మ, అరవై ఎనిమిదేళ్లు. పుట్టింది వినగడప, ఇప్పుడుంటున్నది తిరువూరులో చర్చి వెనక వీధి.