సుమనాభిప్రాయ విజయము

శ్రీశైలమునకు ఉత్తర దిశయందు, కృష్ణమ్మ పక్కనే పారుచున్నను నీళ్లు మాత్రము చేనెక్కని పాలమూరు సీమయందు, ఊరికొక్కడు సెల్‌ఫోను కొని సిగ్నలు కొరకు నీళ్ల ట్యాంకు ఎక్కుచున్న ఆ తొలినాళ్లయందు, దసరా సెలవులు ముగియనున్న ఒకానొక సాయంకాలమున, మ్యాట్నీ విడిచిన నాగర్‌కర్నూలు పట్టణమున ఒక ఘోర సంగ్రామము మొదలయ్యెను. ఖడ్గములు లేవు, గజములు లేవు. వీరగాథ వ్రాయుదునని ఈ కవి పదిమందిలో గొప్పలకు పోయి ఉన్నాడు గనుక, దొరికినవారితోనే యుద్ధము చేయించుచున్నాడు.

వినుడు! కథానాయిక సుమన. తెలకపల్లి నివాసిని, దశమకక్ష్యాధ్యయనధురంధర, అనగా పదవ తరగతి చదువుచున్న పిల్ల. ఆమె వెంట అన్న రవి, ఇంటర్ విద్యార్థి, తన దృష్టిలో సర్వజ్ఞుడు. ఇరువురి నడుమ మేనమామ తిరుపతి. పుణె నగరమున మేడలు కట్టు కూలిపని అతనిది. పండుగకు ఊరు వచ్చి, తెల్లవారితే గుంపుతో మరల పోవలసినవాడు, పోయేముందు పిల్లలకొక సినిమా చూపింతునని తీసికొని వచ్చెను.

ఆ సినిమా ఎట్టిదనగా, పరభాషలో తీసి తెలుగు మాటలు అతికించినది. కొందరు సాహసవంతులు సముద్రమధ్యమున ఒక దీవికి పోయి, అచట హాయిగా నిద్రించుచున్న కొండంత తొండను కెలికి లేపుదురు. అది లేచి, ఈది, మహానగరము చొచ్చి, ఆకాశహర్మ్యములను వరుసబెట్టి కూల్చి, చివరకు విమానముల దెబ్బలకు తానును కూలును. నగరవాసులు చప్పట్లు కొట్టుదురు. లైట్లు వెలుగును.

గేటు దాటుచు తిరుపతి మేనకోడలి వైపు తిరిగి, “ఎట్లున్నదే సుమనా, సిన్మ?” అని అడిగెను.

ఓ అష్టదిక్పాలకులారా, ఈ ప్రశ్నను తేలికగా తీసికొనకుడు! సినిమా ఎట్లున్నదని ఆ ఇంట రవిని అడుగుదురు, నాయనను అడుగుదురు. సుమనను అన్నము తింటివా అని అడుగుదురు. పుట్టి బుద్ధెరిగిన నాటినుండి ఆమెను ఈ మాట అడిగినవాడు మామ ఒక్కడే. ఆమె మొగము వెలిగిపోయెను. అభిప్రాయము సిద్ధముగానే ఉన్నది. ఇంటర్వెల్ నుండియు దానినే లోలోపల నూరుచున్నది.

“నాకేమనిపిచ్చిందంటే మామా...” అని ఆమె నోరు తెరచినంతలో సెవెన్ సీటర్ ఆటో హారన్ మ్రోగెను. ముగ్గురును పరుగెత్తిరి. తెలకపల్లికి ముందే అడ్డరోడ్డు వద్ద మామ తన ఊరికి దిగిపోవును, మరల ఉగాదికి గాని రాడు. అంతలోపల ఆమె తన వాక్యమును మొదటినుండి చివరిదాకా పలుకవలెను. లేనిచో ఆ మాట చలికాలమంతయు గొంతులోనే ఉండిపోవును. యుద్ధమనగా ఇదియే.

ఆహా, ఆ ఆటో! ధూమకేతనము, దిగంతభేదిఘోషభీషణము, సాయన్నసారథ్యవిరాజితము! క్యాసెట్టు పాట మాటను మింగుచు, ఇంజను పాటను మింగుచు ఉండగా, సుమన గొంతు పెంచి, “మామా, నాకేమనిపిచ్చిందంటే...” అని రెండవమారు విల్లు ఎక్కుపెట్టెను.

అంతట రవి సింహమువలె లేచి, “ఓరి మూఢులారా! ఏ మహాతొండ వాలవిక్షేపమాత్రమున గగనచుంబిసౌధపంక్తులను అప్పడములవలె నుగ్గుచేసెనో, దానిని గూర్చి పలుకుటకు ఈ బాలిక ఏపాటిది?” అని గర్జించినట్లు నేను వ్రాసికొంటిని. నిజమునకు వాడు లేవలేదు, లేచినచో తల పైకప్పుకు తగులును. వాడన్నది కూడ ఇంతే:

“దాన్నేం అడుగుతవ్ మామా, సగం సిన్మ కండ్లు మూస్కునే చూసింది.”

“నేనేం మూస్కోలే! నువ్వే నా చెయ్యి పట్టుకున్నవ్!” అని సుమన తిప్పికొట్టెను. ఒక శత్రువు కూలెను గాని ఆ సందడిలో బాణము వృథా అయ్యెను.

ఇక మూడవ మారు. ఊపిరి పీల్చుకొని, “నాకేమనిపిచ్చిందంటే...” అనగానే సాయన్న బ్రేకు వేసెను. రోడ్డు పక్కనుండి కాంతమ్మ అను రైతమ్మ, చంకలో కోడితో, ఎక్కి సరిగ్గా మామకును మేనకోడలికిని నడుమ కోటగోడవలె కూర్చుండెను. సంగతి తెలిసికొని ఆమె పలికినదిట్లు:

“తొండ అంటున్రా? గంతదేం గొప్ప? మా పత్తి చేన్ల పురుగు పడ్డది సూడు, ఏ మందు కొట్టినా సస్తలేదు. దాన్ని తియ్యమను సిన్మ! జర నువ్వన్న చెప్పు బిడ్డా, ఏం మందు కొట్టాలె?”

పురుగు కథకు అంతము లేకపోయెను. తిరుపతి మర్యాదకు తల ఊపుచున్నాడు. నడుమ నడుమ కోడి మీదుగా తొంగిచూచి, “ఏమో అంటుంటివి గదనే?” అని అడుగుచున్నాడు, ఆమె పెదవి కదపగానే కాంతమ్మ ఇంకొక మందు పేరు చెప్పుచున్నది. సుమనకు ఏడుపు వచ్చినంత పనయ్యెను.

కాని దేవుడున్నాడు. కోడి గింజుకొనెను, కాంతమ్మ దానిని పట్టుటలో మునిగెను, క్యాసెట్టు కూడ ఒక వైపు అయిపోయెను. ఆటోలో మొదటిసారి నిశ్శబ్దము! సుమన పెదవి విప్పెను.

అంతట, దినమంతయు పాలమూరు నేలను మాడ్చి మాడ్చి తానే అలసిన చండకిరణుడు, పశ్చిమాచలశిఖరమున పద్మరాగమణిదర్పణసన్నిభుడై, విచ్చిన పత్తికి కుంకుమరజము పూసి, తుమ్మచెట్ల నీడలను రోడ్డుకు అడ్డముగా పరచి, గూళ్లకు మరలు కొంగలబారులకు దారి చూపుచు, దూదిపింజలవంటి మేఘశకలములను...

ఆటో ఆగెను. అడ్డరోడ్డు వచ్చెను. ఆ నిశ్శబ్దమును మింగినవాడు రవి కాడు, కాంతమ్మ కాదు, కోడి అసలే కాదు. నేను. ఇంతచేసి ఆ సూర్యవర్ణనకు క్రియాపదము కూడ దొరకలేదు. సిగ్గుగా ఉన్నది.

తిరుపతి సంచి భుజాన వేసికొని దిగెను. “మంచిగ చదువుకోన్రి. అక్కకు ఫోన్ చేస్తనని చెప్పున్రి,” అనుచు సుమన తల నిమిరెను. సాయన్న గేరు మార్చెను, చక్రములు కదలెను, దుమ్ము లేచెను.

అప్పుడు సుమన కాంతమ్మ ఒడిమీదుగా, కోడిమీదుగా, నా సమాసములమీదుగా సగము దేహము బయటకు వంచి, ఉన్న గొంతంతయు పెట్టి అరచెను:

“మామా! సిన్మ మంచిగ లేదు! గన్ని బిల్డింగులు కూలగొట్టింది గద, మల్ల అవన్ని ఎవలు కడ్తరో ఒక్కడు గూడ చెప్పలే!”

దుమ్ములోనుండి తిరుపతి రెండు చేతులు నోటికి అడ్డుపెట్టి, పడిపడి నవ్వుచు కేకవేసెను:

“ఇంకెవలు కడ్తరే పిచ్చిదానా? మేమే!”

ఆటోలో అందరును నవ్విరి. సుమన కూడ నవ్వెను. నవ్వుచుండగనే ఆమె కండ్లలో నీళ్లు తిరిగెను; తెల్లవారితే పోవుచున్న మామ మీద ఆమెకు ఒక్కసారిగా ప్రేమ పొంగెను. కాంతమ్మ పురుగును మరచి, “ఎవలబ్బ ఆయ్న? మంచి మాటన్నడు” అని అడిగెను.

“మా మామ. నన్ను సిన్మ ఎట్లున్నదని అడిగిండు. చెప్పిన,” అనెను సుమన.

జయము! ముల్లోకములారా, చెవులొగ్గుడు! తెలకపల్లి దారిలో, నిండు సెవెన్ సీటరులో, అన్నను, రైతమ్మను, కోడిని, ఇంజనును, అన్నింటికన్న దుర్జయుడైన ఈ కవిని గెలిచి, సుమన అను పిల్ల మామ అడిగినదానికి జవాబు చెప్పెను!