ఇబ్రహీంపట్నంలో టంగ్‌స్టన్

ఇబ్రహీంపట్నం ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసే శ్రీపాల్ చనిపోయిన రోజుకు ఆయన టంగ్‌స్టన్ అయాను పని ఒక్క శక్తిస్థాయి దగ్గర ఆగి ఉంది. రెండు టంగ్‌స్టన్ కడ్డీల మధ్య నిప్పు పుట్టిస్తే వచ్చే వెలుగు సన్నని గీతలుగా విడిపోతుంది. ఏ రెండు స్థాయిల మధ్య మార్పు వల్ల ఏ గీత పుట్టిందో తేల్చడం ఆయన పని. ఆ చివరి స్థాయి ఉండాలని లెక్క చెప్పింది, దాని గీతలు మాత్రం కనిపించలేదు. అదే కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆయన భార్య హిమజ ఆ ఒక్కటీ తను పూర్తి చేద్దామనుకుంది.

దసరాకు ముందు ల్యాబులో యంత్రాలకు పూజ జరిగింది. హిమజ కుంకుమ పళ్ళెం అందుకోబోయింది.

"మీరెందుకు మేడం, నేను పెడ్తలే," అంటూ కాలేజీ యజమాని అమరేందర్ పళ్ళెం పక్కకు జరిపాడు.

భర్త పోయిన మనిషికి అంతకన్నా వివరం అక్కరలేదు. ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది.

సెలవుల తరువాత ఒక ఉదయం, రెండు క్లాసుల మధ్య ఖాళీలో ఆ వెలుగు గీతలను ఒక ఫొటో తీసింది. ఊదా రంగు కొసన రెండు కొత్త గీతలు కనిపించాయి. శ్రీపాల్ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి. అలాంటి జంట కనిపిస్తే కడ్డీలకు అంటిన మురికిదేమోనని డిగ్రీ పిల్లలు కూడా ముందు అనుమానిస్తారు. ఆమె అనుమానించలేదు. వెళ్ళి అమరేందర్‌కు చెప్పింది.

మర్నాటికి మన్నెగూడ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది: "మన కాలేజీలో టంగ్‌స్టన్ ఆవిష్కరణ." అందులో అమరేందర్ బొమ్మ పెద్దది. మధ్యాహ్నం ప్లాట్లు అమ్మే ఎల్లేశ్ స్టాఫ్ రూముకు వచ్చాడు.

"అక్కా, ఏ సర్వే నంబర్ల పడ్డది?"

"భూమిల కాదన్నా, వెలుగుల."

"నా దగ్గర గూడ దాస్తవా? సరే, ఎకరం మీద ఎంత పెంచాల్నో గదన్న చెప్పు."

ఆమె కాదన్నకొద్దీ అందరికీ నమ్మకం పెరిగింది. కాలేజీలో హిమజకు సన్మానం పెట్టిన రోజున ముందు వరుస నిండా రియల్ ఎస్టేట్ వాళ్ళే.

"మేడం చదువు ఒక్కటే కాదు," అన్నాడు అమరేందర్ మైకులో. "దసరాకు ఆ కడ్డీల కొసలకు నా చేతులతోని బొట్టు పెట్టిన. మస్తు గట్టిగ అద్దిన. గందుకే దొరికింది!"

హిమజ భుజం మీది శాలువా జారింది. కుంకుమంటే పసుపూ సున్నమూ. సున్నంలో ఉండేది కాల్షియం. ఊదా రంగు కొసన కాల్షియానికి ఒక గీతల జంట ఉంటుంది.

ఆమె లేచి మైకు అందుకుంది.

"సార్, అవి టంగ్‌స్టన్ గీతలు కావు. మీరు పెట్టిన బొట్టువి. నేనే చూసుకోలే."

"అవ్ మల్ల! నేను చెప్పేది గదే కదా!" అన్నాడు అమరేందర్.

చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

మరుసటి ఉదయం హిమజ కడ్డీల కొసలు గీకి, తుడిచి, మళ్ళీ ఫొటో తీసింది. రెండు గీతలూ పోయాయి. ఆ స్థాయి ఇంకా దొరకలేదు.